రోస్టరు బాగా చెప్పారు, దేశ ప్రగతి ప్రశ్నను దాటవేశారు: హనుమకొండలో ఒక గ్రూప్స్ కోర్సుపై సమీక్ష

హనుమకొండ నయీంనగర్ ప్రాంతంలో గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రం ఆదివారాల్లోనూ ఇతర సెలవు రోజుల్లోనూ భారత సమాజం, రాజ్యాంగం, ప్రభుత్వ విధానాల మీద ప్రత్యేక తరగతులు నడుపుతోంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారి కోసం పెట్టిన కోర్సు ఇది. ఫీజు 7,500 రూపాయలు. ముద్రించిన నోట్సు అందులోనే ఇస్తారు, జవాబు పత్రాలు దిద్దించుకోవాలంటే మరో 1,500 కట్టాలి. ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతూ గ్రూప్-1 కు చదువుతున్న నేను ఈ మధ్యే ఈ కోర్సు పూర్తి చేశాను. కేంద్రం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఈ ఒక్క కేంద్రానికే చెందినవి కావనీ, ఈ ఊళ్లో ఇదే పాఠం చెప్పే చాలా చోట్ల ఇవే కనిపిస్తాయనీ నా నమ్మకం.

కోర్సు మొత్తం మీద కాకుండా, అందులో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్న రిజర్వేషన్ల భాగం మీదనే ఈ సమీక్ష రాస్తున్నాను. గ్రూప్-1 మెయిన్స్‌లో సాధారణ వ్యాసానికీ, భారత సమాజం, రాజ్యాంగం, పాలన అనే మూడో పేపరుకూ, గ్రూప్-2 లో సామాజిక నిర్మితి విభాగానికీ ఈ అంశం అవసరం. అయితే నేను దీన్ని ఎంచుకున్నది మార్కుల కోసం మాత్రమే కాదు. పరకాల నుంచీ, నర్సంపేట నుంచీ, భూపాలపల్లి నుంచీ బస్సెక్కి వచ్చి ఆ గదిలో కూర్చునే యువతీ యువకుల్లో రిజర్వేషన్ల గురించి బలమైన అభిప్రాయం లేనివారు ఒక్కరూ ఉండరు. ఆ విధానం లోపల ఎలా పనిచేస్తుందో తెలిసినవారు మాత్రం చాలా తక్కువ. ఆ దూరాన్ని తగ్గించడంలో ఈ కోర్సు ఒక భాగంలో చాలా బాగా నెగ్గింది, రిజర్వేషన్లు దేశానికి ఏం చేశాయన్న ప్రశ్న దగ్గర మాత్రం తేలిపోయింది.

ముందుగా నెగ్గిన భాగం గురించి చెబుతాను. రోస్టరు అంటే పోస్టులను వర్గాల వారీగా ఏ వరసలో నింపాలో చెప్పే పట్టిక. ఆ పాఠాన్ని ఇక్కడ ఉపన్యాసంగా చెప్పరు, అభ్యర్థుల చేత చేయిస్తారు. తెలంగాణ ప్రభుత్వ నియామకాల్లో ఇప్పుడున్న వాటాలు బోర్డు మీద రాశారు: బీసీలకు 29 శాతం, ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10, మిగిలిన 36 ఓపెన్. బీసీల 29 లోనూ ఏ గ్రూపుకు 7, బీ కి 10, సీ కి 1, డీ కి 7, ఈ కి 4 అని విడదీశారు. తర్వాత ఊహించి తయారుచేసిన ఒక ర్యాంకుల జాబితాను అందరికీ పంచి, అందులో ఉన్న పేర్లతో 100 పోస్టులు నింపమన్నారు. గదిలో ఎక్కువమంది మొదట చేసిన పని ఒకటే: బీసీ అభ్యర్థి పేరు కనిపించగానే బీసీ గడిలో, ఎస్సీ అభ్యర్థి పేరు కనిపించగానే ఎస్సీ గడిలో వేసుకుంటూ పోయారు. లెక్చరర్ అందరి కాగితాలూ చూసి, ‘36 పోస్టులు ఎవరికోసం ఉన్నాయమ్మా?’ అని ముందు వరసలో ఉన్న అమ్మాయిని అడిగారు. ‘ఓసీలకు సార్’ అని ఆమె జవాబిచ్చింది. వెనక వరసల నుంచి కూడా అదే మాట వినిపించింది.

అక్కడి నుంచి పాఠం అసలు దారిలో పడింది. ఓపెన్ అన్నది ఎవరికీ కేటాయించని భాగమనీ, ర్యాంకు ప్రకారం వచ్చిన ఎవరైనా, ఏ కులంవారైనా ముందుగా అందులోకి వెళ్తారనీ, అలా వెళ్లినవారిని వారి వర్గం వాటాలో లెక్కించకూడదనీ, వయసు వంటి సడలింపులు వాడుకున్నవారి విషయం మాత్రం ఆయా నియామకాల నిబంధనలను బట్టి మారుతుందనీ చెప్పి, జాబితాను మళ్లీ మొదటి నుంచి చేయించారు. ఆ తర్వాత మహిళల 33⅓ శాతం సమాంతర రిజర్వేషన్‌ను, అంటే ప్రతి వర్గం వాటా లోపలా వర్తించే రిజర్వేషన్‌ను, దాని మీద అమర్చారు. ఒక వర్గంలో ప్రతిభ ప్రకారమే ఎంపికైన మహిళలను కూడా ఆ మూడో వంతులో లెక్కించాలనీ, తక్కువ పడితేనే కిందనున్న మహిళలను పైకి తేవాలనీ 2007 లో రాజేశ్ కుమార్ డారియా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని నేను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. నా చేత్తో పేర్లు కొట్టేసి రాసినప్పుడే అది పూర్తిగా అర్థమైంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ మన జిల్లాల్లో చెలరేగే తగాదాల్లో సగం ఈ లెక్క తెలియకపోవడం వల్లే పుడుతున్నాయని ఆ రోజు నాకు అనిపించింది. ‘నా సీటు ఆయన తీసుకుపోయాడు’ అనే మాటలో నిజమెంతో తేల్చగలిగేది ఈ ఒక్క కాగితమే. ఈ తరగతి ఒక్కదానికే సగం ఫీజు ఇచ్చినా నష్టం లేదు.

చరిత్ర భాగం సాదాసీదాగా సాగింది. కులాల వారీగా కళాశాల సీట్లు పంచిన మద్రాసు ఉత్తర్వును కొట్టేసిన 1951 చంపకం దొరైరాజన్ తీర్పు, దాని వెంటే మొదటి రాజ్యాంగ సవరణతో వచ్చిన 15(4) అధికరణ, వెనుకబడిన వర్గాల మీద కేంద్రం వేసిన కాలేల్కర్ కమిషన్, మండల్ కమిషన్, 1992 నవంబరు 16 న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇందిరా సాహ్నీ కేసులో ఇచ్చిన తీర్పు, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం ఇస్తూ 2019 లో వచ్చిన 103వ సవరణ, దాన్ని 2022 నవంబరు 7 న 3:2 మెజారిటీతో సమర్థించిన తీర్పు, ఇవన్నీ వరుసగా వచ్చాయి. ఇందులో ఒక స్థానిక ముడి ఉంది, దాన్ని లెక్చరర్ ప్రస్తావించి వదిలేశారు గానీ మరికొంత చెప్పి ఉండాల్సింది. 1991 సెప్టెంబరులో అగ్రకుల పేదలకు 10 శాతం ఇస్తూ ఉత్తర్వు తెచ్చినది పీవీ నరసింహారావు ప్రభుత్వం. దాన్ని ఇందిరా సాహ్నీ తీర్పు కొట్టేసింది. అదే తీర్పు నిలబెట్టిన 27 శాతం ఓబీసీ కోటాను 1993 సెప్టెంబరు 8 నుంచి కేంద్ర ఉద్యోగాల్లో అమల్లోకి తెచ్చినదీ అదే ప్రభుత్వం. వంగర గ్రామం నుంచి వచ్చి హనుమకొండ లోక్‌సభ స్థానానికి ప్రాతినిధ్యం వహించిన మనిషి హయాంలో ఈ రెండూ జరిగాయి. అప్పుడు చెల్లని 10 శాతం, ముప్పై ఏళ్ల తర్వాత రాజ్యాంగ సవరణ దన్నుతో ఎలా చెల్లిందన్న ప్రశ్నను ఒక విద్యార్థి అడిగాడు. ఉత్తర్వుకూ రాజ్యాంగ సవరణకూ ఉన్న తేడాను లెక్చరర్ స్పష్టంగానే చెప్పారు.

ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీల వాటాను ఆ కులాల మధ్యే గ్రూపులుగా పంచడం, గురించిన పాఠాన్ని మాత్రం మనసు పెట్టి తయారుచేశారు. ఆ వర్గీకరణ కోసం సాగిన మాదిగ దండోరా ఉద్యమం 1994 జూలై 7 న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైనా, దాన్ని నడిపించిన మంద కృష్ణ మాదిగ ఈ హనుమకొండ ప్రాంతపు మనిషే కావడంతో ఇక్కడి తరగతిలో ఆ పాఠానికి ఒక వేడి ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 నాటి చట్టం 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీ గ్రూపులకు 1, 7, 6, 1 గా పంచడం, 2004 నవంబరులో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయడం, ఇరవై ఏళ్ల తర్వాత 2024 ఆగస్టు 1 న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 తో ఉపవర్గీకరణ రాష్ట్రాల పరిధిలోనిదేనని చెప్పడం, జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫార్సుల మీద తెలంగాణ చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14 న అమల్లోకి రావడం, ఇదంతా తేదీల పట్టికలా కాకుండా ఒక వాదం ఎలా ఓడి ఎలా గెలిచిందో చెప్పే కథగా వినిపించారు. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, మొదటి గ్రూపులోని 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపులోని 18 కులాలకు 9 శాతం, మూడో గ్రూపులోని 26 కులాలకు 5 శాతం ఎందుకిచ్చారన్న చర్చ సాయంత్రం దాకా సాగింది.

ఏజెన్సీ ప్రాంతం విషయంలోనూ ఈ కేంద్రం మెచ్చుకోదగిన పని చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని పాఠశాలల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3 ను 2020 ఏప్రిల్ 22 న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. మిగతా చోట్ల అభ్యర్థులు దీన్ని ఒక వాక్యంగా బట్టీ పడతారు. ఇక్కడ ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక కోయ యువకుడి చేత మాట్లాడించారు. తమ గూడెం బడిలో పిల్లల మాట తెలిసిన పంతులు ఉన్న కాలానికీ, లేని కాలానికీ తేడా ఏమిటో అతను నిలబడి చెప్పాడు. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ముందు నిలబడకపోవడం వేరు, ఆ ఏర్పాటు ఏ అవసరం నుంచి పుట్టిందో గ్రహించడం వేరు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించగలిగినవారే రేపు ములుగులోనో మహబూబాబాద్‌లోనో అధికారిగా కూర్చున్నప్పుడు న్యాయం చేయగలుగుతారు.

ఇక నోట్సు. ముద్రణ బాగుంది, అక్షరదోషాలు తక్కువ, తీర్పుల పేర్లు సరిగ్గా ఉన్నాయి. కానీ మూడో సంపుటంలో పెద్ద తప్పు ఒకటి ఉంది: ‘రాజ్యాంగ నిర్మాతలు రిజర్వేషన్లను పదేళ్లకే పరిమితం చేశారు’ అని మందపాటి అక్షరాల్లో అచ్చువేశారు. పదేళ్ల గడువు 334వ అధికరణలోనిది. అది లోక్‌సభ, శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన స్థానాల వంటి చట్టసభల ప్రాతినిధ్యం గురించి మాత్రమే చెబుతుంది. దాన్ని పదేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చి, 104వ సవరణతో 2030 దాకా తెచ్చారు. విద్యకు సంబంధించిన 15(4) లోగానీ, ఉద్యోగాలకు సంబంధించిన 16(4) లోగానీ ఏ గడువూ లేదు. ఇది చిన్న పొరపాటని ఎవరైనా అనవచ్చు, నేను అనలేను. చాయ్ హోటళ్లలో, పెళ్లి పందిళ్లలో, వాట్సాప్‌లో రిజర్వేషన్ల మీద జరిగే వాదనల్లో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే అబద్ధం ఇదే. డబ్బు తీసుకుని పాఠం చెప్పే కేంద్రం దాన్ని అచ్చువేసి పంచితే, చదివినవారు రేపు మరో పదిమందికి నిజమని చెబుతారు. నేను పేజీ చూపించినప్పుడు లెక్చరర్ వెంటనే ఒప్పుకుని తరగతిలో సవరించారు. పుస్తకంలో మాత్రం కోర్సు ముగిసేవరకూ అది అలాగే ఉంది. మండల్ కమిషన్ చెప్పిన 52 శాతం వెనుకబడిన వర్గాల జనాభా అన్నది 1931 జనగణన ఆధారంగా కట్టిన అంచనా అన్న ముక్క కూడా నోట్సులో లేదు. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే లెక్కలు మాత్రం ఉన్నాయి: ముస్లింలలోని బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. వచ్చే జనగణనలో కులాన్ని చేర్చాలని 2025 ఏప్రిల్ 30 న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ నిర్ణయించిన సంగతిని ఈ రెండు లెక్కలతో కలిపి చెబితే, ఇన్ని దశాబ్దాలుగా సరైన లెక్క లేకుండానే ఈ దేశం ఎంత పెద్ద విధానాన్ని నడిపిందో అభ్యర్థులకు తెలిసేది.

ఇప్పుడు తేలిపోయిన భాగం. ‘కుల ఆధారిత రిజర్వేషన్లు – జాతీయ ప్రగతిపై ప్రభావం’ అన్నది వ్యాసాల తరగతిలో ప్రధానాంశం. దానికి ఇచ్చినది రెండు పేజీల కాగితం. ఎడమ వైపు అనుకూల వాదనలు ఎనిమిది, కుడి వైపు ప్రతికూల వాదనలు ఎనిమిది, చివర రెండింటినీ కలిపే మధ్యే మార్గం ఒక పేరా. ఎడమ వైపున సామాజిక న్యాయం, ప్రాతినిధ్యం, సాధికారత వంటి మాటలు. కుడి వైపున ప్రతిభకు నష్టం, సామర్థ్యం తగ్గడం, మేధో వలస వంటి మాటలు. పదహారు వాదనల్లో ఒక్కదానికైనా ఆధారం చూపలేదు. ఏ ఉద్యోగంలో, ఏ కాలంలో, దేన్ని కొలిచి ఈ మాట అంటున్నారన్న ప్రశ్న తరగతిలో ఎవరూ వేయలేదు, వేయమని ఎవరూ ప్రోత్సహించలేదు. రోస్టరును చేత్తో చేయించిన అదే కేంద్రం, అంతకన్నా పెద్ద ప్రశ్నకు వచ్చేసరికి కంఠస్థం చేయమని కాగితం పంచడం నన్ను నిజంగా బాధించింది.

ఆధారాలు లేక కాదు. కాజీపేట జంక్షన్, అక్కడి లోకో షెడ్లు ఈ గదికి కూతవేటు దూరంలో ఉన్నాయి; మా బ్యాచ్‌లో రైల్వే ఉద్యోగుల పిల్లలు ఉన్నారు. భారతీయ రైల్వేల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగితే ఉత్పాదకత తగ్గిందా అన్న ప్రశ్నతోనే అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 వరకు జోన్ల వారీ వివరాలు తీసుకుని పరిశోధించి 2014 లో ప్రచురించారు. తగ్గిందనడానికి వారికి ఆధారం దొరకలేదు. పైస్థాయి ఏ, బీ తరగతుల ఉద్యోగాల్లో ఆ వర్గాల వాటా ఎక్కువగా ఉన్నచోట కొన్ని కొలతల ప్రకారం ఫలితం మెరుగ్గా ఉన్నట్టు కూడా కనిపించింది. ఒక్క సంస్థ మీద చేసిన ఒక్క పరిశోధనతో దేశమంతటికీ తీర్పు చెప్పలేం. కానీ ‘సామర్థ్యం తగ్గింది’ అని కుడి వైపు గడిలో రాసేముందు, దాన్ని కొలిచి చూసినవారికి ఏం దొరికిందో విద్యార్థికి చెప్పకపోవడం సబబు కాదు.

అలాగే రెండో వైపు బలమైన విమర్శలు కూడా ఈ కాగితంలో లేవు. మేరియాన్ బెర్ట్రాండ్, రేమా హన్నా, సెంథిల్ ములైనాథన్ 2010 లో ప్రచురించిన పరిశోధన ఒక రాష్ట్రంలోని ఇంజినీరింగ్ కళాశాలల ప్రవేశాలను పరిశీలించింది. రిజర్వేషన్ ద్వారా సీటు పొందినవారి ఆదాయం నిజంగానే పెరిగింది. తక్కువ మార్కులతో చేరినవారు చదువులో నిలబడలేక నష్టపోతారన్న వాదన అక్కడ రుజువు కాలేదు. అదే సమయంలో, సీటు పొందినవారు తమ కులాల్లో కొంత మెరుగైన కుటుంబాల నుంచి వచ్చినవారేననీ, సీటు కోల్పోయినవారి ఆదాయ నష్టం లబ్ధిదారుల లాభం కన్నా ఎక్కువగా ఉండవచ్చనీ కూడా ఆ పరిశోధన చూపింది. దీన్ని దాచనక్కరలేదు. కేంద్ర ఓబీసీ జాబితాను పరిశీలించిన జస్టిస్ రోహిణి కమిషన్ 2018 లో కేంద్ర ఉద్యోగాలు, ప్రవేశాల వివరాలు తీసి చూస్తే, 97 శాతం ప్రయోజనం 25 శాతం కులాలకే చేరిందనీ, 983 కులాలకు అసలేమీ అందలేదనీ తేలింది. ఆ 983 లో సంచార జాతుల వంటి చిన్న కులాలు ఎన్నో ఉంటాయి. మన జిల్లాల్లో గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు, పూసలవాళ్లు ఏ కార్యాలయంలో కనిపిస్తున్నారని వెతికితే ఈ లెక్క ఎవరి గురించో తెలుస్తుంది. రిజర్వేషన్లను సమర్థించే నాలాంటివారు అందరికన్నా ముందుగా ఎత్తి చూపాల్సిన లోపం ఇది.

నేను బీసీ-బీ కి చెందిన పద్మశాలి కుటుంబం నుంచి వచ్చాను. మా నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేశారు, మిల్లు మూతపడ్డాక కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్నారు. నా ఉద్యోగం 10 శాతం బీసీ-బీ వాటాలో వచ్చింది. కాబట్టి నాకు ఈ విషయంలో పక్షం లేదని చెప్పను. ఆ పక్షం ఉన్నందువల్లే ఈ చర్చ గట్టి ఆధారాల మీద జరగాలని కోరుకుంటున్నాను. దేశ ప్రగతి అంటే ఎంత ఉక్కు, ఎంత కరెంటు, ఎంత జీడీపీ అన్నది మాత్రమే అయితే ఈ ప్రశ్నకు జవాబు సగమే దొరుకుతుంది. ఎంతమంది బుర్రలను ఈ దేశం పనికి పెట్టుకోగలిగిందన్నది కూడా అందులో భాగమే. మిల్లు కార్మికుడి కొడుకు, గూడెం పిల్ల, చెప్పులు కుట్టే ఇంటి మనిషి బడిలో, కలెక్టరేటులో, ఆసుపత్రిలో పని చేయడం వల్ల ఆ సంస్థలు ఎవరికి ఎలా పలుకుతున్నాయో మారుతుంది. చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీల స్థానాలు పెరిగిన రాష్ట్రాల్లో ఆ వర్గాలకు చేరే ప్రభుత్వ ప్రయోజనాలు పెరిగాయని ఆర్థికవేత్త రోహిణి పాండే 2003 లో ప్రచురించిన పరిశోధన చూపించింది కూడా. అయితే ప్రభుత్వ ఉద్యోగాలు దేశంలో పనిచేసేవారిలో చిన్న భాగం మాత్రమే. ప్రైవేటు రంగంలో ఈ విధానం లేదు. ఊరి బడి పడకేస్తే, పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగిపోతే, వాటాలను ఎంత న్యాయంగా పంచినా పంచడానికి మిగిలేది తక్కువే. రెండు పేజీల కాగితంలో ఇలాంటి ఆలోచన ఒక్కటీ లేదు.

ప్రతిభ గురించి వచ్చిన చర్చను కూడా చేజార్చుకున్నారు. ‘రిజర్వేషన్ డాక్టరు దగ్గరకు వెళ్తారా?’ అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్న అడిగిన అన్నకు కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. లెక్చరర్ ‘ఇది సున్నితమైన విషయం’ అని దాటేశారు. నిజానికి జవాబు ఇదే ఊళ్లో ఉంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం వరంగల్‌లోనే ఉంది. కాకతీయ వైద్య కళాశాలలో ఎవరు ఏ కోటాలో చేరినా, ఎంబీబీఎస్ పరీక్షల్లో పాస్ కావడానికి కావాల్సిన మార్కులు అందరికీ ఒకటే, రాసే ప్రశ్నపత్రం ఒకటే, ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో చేసే ఇంటర్న్‌షిప్ ఒకటే. సడలింపు లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ఉంది, బయటకు వెళ్లే గుమ్మం దగ్గర లేదు. యాజమాన్య కోటాలో తక్కువ ర్యాంకుతో, ఎక్కువ డబ్బుతో చేరినవారి గురించి ఈ ప్రశ్న ఎందుకు రాదో కూడా ఆ తరగతిలో మాట్లాడుకుని ఉండాల్సింది. అయిదు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ వివరణ ఆ గదిలోని ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఎంత అవసరమో, అడిగిన అన్నకూ అంతే అవసరం.

ఇది చెబుతూనే, తరగతి వాతావరణం విషయంలో కేంద్రానికి మంచి మార్కులే వేయాలి. ఏ విద్యార్థినీ కులం చెప్పమని అడగరు. హాజరు పట్టికలో వర్గం గడి లేదు. చర్చ వేడెక్కినప్పుడు కులం పేరుతో మాట తూలిన ఒకరిని లెక్చరర్ వెంటనే ఆపి, అందరి ముందూ క్షమాపణ చెప్పించారు. అమ్మాయిలకు ముందు వరసలు, సాయంత్రం తరగతి ఆలస్యమైతే బస్టాండు దాకా కలిసి వెళ్లే ఏర్పాటు ఉన్నాయి. గది ఇరుకు, ఫ్యాన్లు చాలవు, మైకు వెనక వరసకు వినిపించదు. ఇవి త్వరగా సరిచేయగలిగినవే.

జవాబు పత్రాలు దిద్దే సేవకు కట్టిన 1,500 మాత్రం దండగ. ఇదే ప్రగతి వ్యాసాన్ని నేను పైన చెప్పిన పరిశోధనలను ఆధారంగా చూపుతూ రాసి ఇచ్చాను. దిద్దినవారు ‘ప్రతికూల అంశాలు ఎనిమిది లేవు’ అని ఎర్ర సిరాతో రాసి మార్కులు తగ్గించారు. కాగితంలోని వాక్యాలనే యథాతథంగా తిరగరాసిన మిత్రుడికి నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. మెయిన్స్‌లో ఒకే మూసలో రాసిన వందలాది జవాబులు దిద్దేవారికి ఏ జవాబు విడిగా కనిపిస్తుందో ఆలోచించినా, ఈ పద్ధతి అభ్యర్థులకు మేలు చేయదు. బీసీలకు 42 శాతం ఇస్తూ 2025 మార్చిలో శాసనసభ ఆమోదించిన బిల్లులు, స్థానిక సంస్థల కోసం తెచ్చిన జీవోను అక్టోబరులో హైకోర్టు నిలిపివేయడం వంటి తాజా పరిణామాల మీద ఈ కోర్సు పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా పెట్టలేదు. మొత్తం రిజర్వేషన్లకు ఇందిరా సాహ్నీ తీర్పు పెట్టిన 50 శాతం పరిమితి మీద చర్చ మన రాష్ట్రంలోనే ఇంత వేడిగా నడుస్తుండగా ఇది పెద్ద లోటు.

ప్రిలిమ్స్‌కు చదివేవారు, రోస్టరూ తీర్పులూ వర్గీకరణా గట్టిగా నేర్చుకోవాలనుకునేవారు ఈ కోర్సులో చేరవచ్చు. ఆ మేరకు ఫీజు న్యాయమైనదే. సొంతంగా చదవగలిగినవారు రోస్టరు, వర్గీకరణ, ఏజెన్సీ తరగతులకు మాత్రం విడిగా కూర్చోనిస్తారేమో అడిగి చూడాలి; నాకు తెలిసిన ఇద్దరికి 2,000 రూపాయలకు అలా ఒప్పుకున్నారు. మెయిన్స్ వ్యాసం కోసం మాత్రమే వచ్చేవారికి ఇది సరిపోదు. హనుమకొండలోని ప్రభుత్వ బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో ప్రవేశం దొరికే అవకాశం ఉన్నవారు ముందుగా అక్కడ ప్రయత్నించడం మంచిది, ఎందుకంటే అక్కడ ఫీజు ఉండదు.

నిర్వాహకులకు నేను రాసి ఇచ్చిన సూచన ఒక్కటే. ఆ రెండు పేజీల కాగితాన్ని తీసేసి, రైల్వేల పరిశోధన ఫలితాల పట్టిక ఒకటి, రోహిణి కమిషన్ తేల్చిన లెక్కలు ఒకటి, ఇంజినీరింగ్ ప్రవేశాల మీద జరిగిన పరిశోధన సారాంశం ఒకటి తెలుగులో తయారుచేసి, రోస్టరు తరగతిలో చేసినట్టే అభ్యర్థులకు పంచి, వాటి మీద సొంతంగా రాయమని చెప్పాలి. మూడో సంపుటంలోని పదేళ్ల వాక్యం మీద సవరణ చీటీ అతికించి ఇవ్వాలి. వచ్చే బ్యాచ్ నోట్సు అచ్చుకు వెళ్లేముందు ఈ రెండూ చేస్తామని వారు అన్నారు. చేరాలనుకునేవారు ఫీజు కట్టేముందు మూడో సంపుటం అడిగి, ఆ పేజీ తెరిచి చూసుకోవాలి.